వినికిడి నుంచి పుస్తకానికి: డిస్లెక్సియా ఉన్న పెద్దల ఇష్టపఠనం

డిస్లెక్సియా అన్న పేరు 1887లో రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మన్ కంటివైద్యుడి రచనతో వాడుకలోకి వచ్చింది. తొలినాళ్ళలో దీన్ని కంటివైద్యులే ఎక్కువగా పట్టించుకున్నందువల్ల కాబోలు, అక్షరాలు తిరగబడి కనిపించడమే ఈ ఇబ్బంది అన్న అపోహ నేటికీ పోలేదు. మాటలోని ధ్వనులను విడదీసి, వాటిని అక్షరాలతో వేగంగా జతపరచడంలోనే కష్టమంతా ఉన్నదని ఇప్పటి పరిశోధకులలో అత్యధికుల అభిప్రాయం. తెలివితేటలతో దీనికి సంబంధం లేదు.

ఆ కష్టం లిపిని బట్టి వేషం మారుస్తుంది. వర్ణక్రమానికీ ఉచ్చారణకూ పొత్తు కుదరని ఇంగ్లీషులో తప్పులు ఎక్కువగా దొర్లుతాయి. వ్రాసినట్టే పలికే ఇటాలియన్ వంటి భాషలలో తప్పులకన్నా నెమ్మదే ప్రధాన లక్షణం. ఉచ్చారణ విషయంలో తెలుగు ఈ రెండవ కోవకు చెందినదే. కాని గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే గుర్తుపట్టవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. పైగా ప, వ వంటి జంటలకు తలకట్టు దగ్గరే తేడా. అమెరికాలో పెరిగి, బడిలో ఇంగ్లీషు చదువుతోనే అలసిపోయిన మనిషి ముప్ఫయ్యో ఏట తెలుగు కథ చదవాలనుకుంటే, ఈ బరువు కొత్తగా వచ్చి చేరుతుంది.

అయినా పెద్దవారిని పుస్తకానికి దూరం చేసేది లిపి ఒక్కటే కాదు, సిగ్గు కూడా. తరగతిలో లేచి నిలబడి చదవలేక నవ్వులపాలైన జ్ఞాపకం ఏళ్ళు గడిచినా పోదు. కాబట్టి సాయం చేసేవారు గట్టిగా చదివించకూడదు, మధ్యలో తప్పులు దిద్దకూడదు, అడగకుండా పిల్లల పుస్తకాలు చేతికివ్వకూడదు. బ్రిటన్‌లో 2006లో మొదలైన క్విక్ రీడ్స్ పుస్తకాలు ఈ మర్యాద పాటించాయి: పేరున్న రచయితలు, పెద్దల కథలు, తక్కువ పేజీలు. తెలుగులో కథానికకు, గల్పికకు కొరత లేదు గనుక ఎంపిక కష్టం కాదు.

అన్నింటికన్నా అక్కరకు వచ్చేది వింటూ చదవడం. అక్షరాలను కూడబలుక్కునే శ్రమ తగ్గి, మనసు కథ మీద నిలుస్తుంది. వినడం చదువు కిందికి రాదనేవారు ఉన్నారు. పురాణ కాలక్షేపాల్లోనూ హరికథల్లోనూ భారతాన్ని తెలుసుకున్న జాతికి ఈ అభ్యంతరం అంతగా నప్పదు. అమెరికాలో అంధుల కోసం ఏర్పడిన జాతీయ గ్రంథాలయ సేవ, డిస్లెక్సియా ఉన్నవారికీ ఉచితంగా శ్రవణపుస్తకాలు ఇస్తుంది. 2021 నుంచి అందుకు వైద్యుడి సంతకమే కావాలన్న నియమం లేదు.

ప్రత్యేకమైన అక్షరరూపాల వల్ల మేలు జరుగుతుందన్న వాదనకు నిలకడైన ఆధారాలు దొరకలేదు. అక్షరాల మధ్య ఎడం పెంచితే చదువు మెరుగుపడుతుందని మాత్రం ఇటాలియన్, ఫ్రెంచి పిల్లలపై జరిగిన పరిశోధన 2012లో చూపింది. తెలుగుకు పంక్తుల మధ్య ఎడం కూడా అంతే అవసరమనిపిస్తుంది. ఇరుకు పేజీలో పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. తెరమీద చదివేవారు ఈ రెండు ఎడాలనూ తామే సరిచేసుకోవచ్చు. అచ్చుపుస్తకమైతే పంక్తి కింద ఒక అట్టముక్క పెట్టుకొని జరుపుకుంటూ పోవడమే మార్గం.