ఇసుక గింజల లెక్క

కొవ్వూరులో ఇసుక అంటే ర్యాంపు, లారీ, టన్ను. గోదారి తగ్గిన రోజుల్లో గోష్పాద క్షేత్రం మెట్ల మీద నిలబడితే ఎదురుగా తిన్నెలు కనిపిస్తాయి, వాటికవతల రాజమండ్రి. ఇంత ఇసుక మధ్య పుట్టి పెరిగిన నాకు దాన్ని గింజల్లో లెక్కపెట్టే మనిషి ఉంటాడని ఎప్పుడూ తోచలేదు. అందుకే 2024 ఆగస్టు 31న అమెరికాలో, అట్లాంటాలో జరిగిన సంగతి చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

మైదానం ఈస్ట్ లేక్, ఆట గోల్ఫ్, పోటీ టూర్ చాంపియన్‌షిప్, మూడో రోజు. సాహిత్ తీగల అనే కుర్రాడి బంతి మూడో హోల్ దగ్గర బంకర్లో, అంటే ఇసుక గుంటలో పడింది. ఇసుకలో ఉన్న బంతిని కొట్టడానికి క్లబ్బును వెనక్కి లేపేటప్పుడు అది ఇసుకకి తగలకూడదు. తగిలితే రెండు దెబ్బలు జరిమానాగా లెక్కలో కలుపుతారు. సాహిత్‌కి తన క్లబ్బు కాస్త ఇసుకని కదిపిందనిపించింది. తనే అధికారిని పిలిచి ఆ మాట చెప్పాడు. ఆ హోల్‌కి నిర్ణయించిన లెక్కలోనే, అంటే పార్‌లో, ముగించినవాడి ఖాతాలో రెండు ఎక్కువ పడ్డాయి.

సాహిత్ తల్లిదండ్రులు మురళీధర్, కరుణ హైదరాబాదు నుంచి వెళ్ళినవాళ్ళు. అతను 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. చిన్నప్పుడే వెన్నెముక పక్కకి వంగే స్కోలియోసిస్ ఉందని తేలింది. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో ఆడుతూ 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లోని పెద్ద బహుమతులన్నీ తెచ్చుకున్నాడు. మన ఇళ్ళలో గోల్ఫ్ మాట్లాడుకునేది తక్కువ కాబట్టి ఈ పేరు సింధు, హంపీల పేర్లంతగా వినబడదు. వినబడాలని నా కోరిక.

ఈ ఆటలో గుండె నిబ్బరం గురించి అంతలా ఎందుకు మాట్లాడతారో తెలియాలంటే ముందు గడియారం చూడాలి. ఒక రౌండు, అంటే 18 హోల్స్, పూర్తవడానికి నాలుగు గంటలు పైనే పడుతుంది. మంచి ఆటగాడు అందులో బంతిని కొట్టేది 70 సార్లు. ఒక్కో దెబ్బ రెండు మూడు సెకన్లు. అంటే ఆట మొత్తం కలిపితే అయిదు నిమిషాలు కూడా ఉండదు, మిగతాదంతా నడక, ఎదురుచూపు, ఆలోచన. బ్యాడ్మింటన్‌లో షటిల్ మీదకి వస్తుంటే భయపడే తీరిక ఉండదు, చెయ్యి లేస్తుంది. గోల్ఫ్‌లో బంతి కదలకుండా కూచుని ఉంటుంది. మనం కదిపితేనే కదులుతుంది. ఆ నిశ్శబ్దంలోకే మనసు దూరుతుంది.

దూరి ఏం చేస్తుంది? ఘాటు మెట్లు రోజూ దిగేవాడు తన కాళ్ళని చూసుకోడు. నాచు పట్టింది జాగ్రత్త అని ఎవరైనా అంటే ఆ రోజు ఒక్కో అడుగూ చూసి వేస్తాడు, తడబడతాడు. సియాన్ బైలాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గోల్ఫ్‌లో పుటింగ్ మీదే, అంటే బంతిని నేల మీద హోల్లోకి దొర్లించే దెబ్బ మీదే, ఈ సంగతి పరీక్షించింది. కొత్తవాళ్ళు తమ చేతుల మీద ధ్యాస పెడితే బాగా ఆడారు. చెయ్యి తిరిగినవాళ్ళు అదే పని చేస్తే చెడగొట్టుకున్నారు. ఒత్తిడి పెరిగేకొద్దీ మనిషి తన చేతుల్ని తనే కాపలా కాస్తాడు, ఆ కాపలాయే చేతుల్ని బిగిస్తుంది.

దీన్ని ఒక్కో తరం ఒక్కోలా ఎదుర్కొంది. బాబీ జోన్స్ 19 ఏళ్ళప్పుడు, 1921లో, సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఓపెన్ ఆడుతూ ఒక బంకర్లోంచి బయటపడలేక మధ్యలోనే వదిలేశాడు. అప్పట్లో అతని కోపం ఆటంత పేరు మోసింది. తర్వాత కోపాన్ని మింగడం నేర్చుకున్నాడు గాని అది లోపలే ఉండిపోయింది. పోటీ జరిగే వారంలో బరువు తగ్గిపోయేవాడు. 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్ళూ గెలిచి, 28 ఏళ్ళకే పోటీల నుంచి తప్పుకున్నాడు. అతను డబ్బు కోసం ఆడిన ప్రొఫెషనల్ కాడు. అయినా ప్రొఫెషనళ్ళు ఈనాటికీ తమని కొలుచుకునేది అతనితోనే.

బెన్ హోగన్ తీరు వేరు. 1949 ఫిబ్రవరిలో అతని కారుని బస్సు గుద్దింది. భార్యని కాపాడబోయి ఆమెకి అడ్డంగా పడ్డాడు, కటి ఎముక విరిగింది. 16 నెలల తర్వాత మెరియన్‌లో యూఎస్ ఓపెన్ ఆడాడు. చివరి రోజు 36 హోల్స్ నడిచి, సమం కావడంతో మర్నాడు మరో 18 ఆడి గెలిచాడు. నోరు విప్పని మనిషి. గుండె దిటవంటే ఇదేనని ఒక తరమంతా అతణ్ణి చూసి నమ్మింది. కానీ అదే హోగన్ వయసు మళ్ళాక నాలుగడుగుల పుట్ ముందు నిలబడి చెయ్యి కదపలేక గింజుకున్నాడు. బస్సుకి లొంగని మనిషి చిన్న బంతి ముందు బిగుసుకుపోయాడు. దీన్ని అతని బలహీనతగా చూడలేను. నిబ్బరం ఒకసారి సంపాదించి పెట్టెలో దాచుకునే ఆస్తి కాదని ఈ సంగతే నాకు చెప్పింది.

జాక్ నిక్లాస్ మనసుకి పని అప్పగించాడు. ప్రతి దెబ్బకి ముందు బంతి ఎగిరే దారినీ, పడే చోటునీ మనసులో బొమ్మ కట్టుకున్నాకే కొట్టేవాడు. 18 మేజర్లు, అంటే అన్నిటికంటే పెద్ద పోటీలు, గెలిచాడని అందరూ చెబుతారు. వాటిలోనే 19 సార్లు రెండో స్థానంలో మిగిలాడన్నది నాకు ఇంకా పెద్ద మాట. ఓటమి అలవాటైనా మళ్ళీ ఆఖరి రోజు ముందు వరసలో నిలబడ్డాడు కదా.

మన కాలానికి వస్తే రోరీ మెకిల్‌రాయ్. 2011 మాస్టర్స్‌లో నాలుగు దెబ్బల ఆధిక్యంతో చివరి రోజు మొదలుపెట్టి 80 కొట్టి కూలిపోయాడు. రెండు నెలలకి యూఎస్ ఓపెన్‌ని ఎనిమిది దెబ్బల తేడాతో గెలిచాడు. మాస్టర్స్ మాత్రం 2025 దాకా దక్కలేదు. దక్కిన రోజు గ్రీన్ మీదే మోకాళ్ళ మీద పడి ఏడ్చాడు. హోగన్ కాలంలో ఊహించలేని దృశ్యం.

సాహిత్ ఈ తరం వాడు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్‌కి నిర్వాహకుల ఆహ్వానం మీద వచ్చి, చివరి రోజుని అందరికంటే ముందుండి మొదలుపెట్టాడు. 17వ హోల్లో నేరుగా కొట్టిన బంతి ఎడమకి ఎగిరి నీళ్ళలో పడింది. ఒక్క దెబ్బతో ప్లేఆఫ్ తప్పిపోయింది. ఇంటివాళ్ళని పట్టుకుని అందరి ముందే ఏడ్చాడు. నాలుగు నెలలకి ట్రావెలర్స్‌లో ఒక దెబ్బ ముందుండి చివరి హోల్‌కి వచ్చాడు. బంతి ఇసుకలో పడింది. మొదటి ప్రయత్నంలో బయటికి రాలేదు, డబుల్ బోగీ, అంటే పార్ కంటే రెండు ఎక్కువ. ఆ గెలుపు జాండర్ షాఫెలీకి పోయింది.

అయినా మర్నాటికి మళ్ళీ అదే నవ్వు మొహం, అదే తెగింపు ఆట. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు, పీజీఏ టూర్‌లో అతని మొదటి టైటిల్. అప్పుడూ అమ్మానాన్న పక్కనే ఉన్నారు. ఏడిస్తే బలం పోతుందని మనం మగపిల్లలకి చెబుతూ వచ్చాం. నా చిన్నప్పుడు నాకూ చెప్పారు, నేనూ నమ్మాను. ఈ అబ్బాయి ఆ మాటని నాలో కదిలించాడు. దుఃఖాన్ని దాచడానికి పెట్టే ఓపికని అతను తర్వాతి ఆటకి మిగుల్చుకున్నాడనిపిస్తుంది.

ఈస్ట్ లేక్ దగ్గరికి మళ్ళీ వద్దాం. బాబీ జోన్స్ చిన్నప్పుడు ఆట నేర్చింది ఆ మైదానంలోనే. 1925 యూఎస్ ఓపెన్‌లో గడ్డిలో ఉన్న తన బంతి రవ్వంత కదిలిందని చెప్పి, ఎవరూ చూడకపోయినా తన మీద తనే ఒక దెబ్బ జరిమానా వేసుకున్నాడు. చివరికి విలీ మెక్‌ఫార్లేన్‌తో సమమై ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. మెచ్చుకోబోయినవాళ్ళతో, బ్యాంకు దోచుకోనందుకు కూడా మెచ్చుకుంటారా అన్న అర్థంలో జవాబిచ్చాడని చెబుతారు. తొంభై తొమ్మిదేళ్ళ తర్వాత, అతని సొంత మైదానంలో, హైదరాబాదు దంపతుల కొడుకు అదే పని చేశాడు.

ఈసారి ఖరీదు పెద్దది. సాహిత్ రెండో స్థానంలో ఉన్న కాలిన్ మొరికావాకి సరిగ్గా రెండు దెబ్బల వెనక, మూడో స్థానంలో ముగించాడు. మూడో స్థానానికి 75 లక్షల డాలర్లు. ఆ రెండు దెబ్బలూ లేకుంటే, లెక్క ప్రకారం, రెండు బహుమతులూ కలిపి చెరిసగం పంచుకునేవాళ్ళు, సాహిత్ వాటాకి మరో 25 లక్షలు కలిసేవి.

డబ్బు కంటే నాకు ఆ తర్వాతి గంటలే ముఖ్యం. జరిమానా పడ్డది మూడో హోల్లో. ముందు ఇంకా పదిహేను ఉన్నాయి, అంటే మూడు గంటలకి పైగా నడక. ఆ నడకంతా "చెప్పకుండా ఉండాల్సిందా?" అని అడిగే మనసు తోడుంటుంది. ఆ రోజు జరిమానాతో కలిపి 66కి ముగించాడు. మర్నాడు 64.