గుట్టెక్కిన రేడియో

రేడియో అనగానే పాటలూ, వార్తలూ గుర్తుకు వస్తాయి. అది చెబుతుంది, మనం వింటాం. అయితే తిరిగి జవాబు చెప్పడానికి వీలున్న రేడియో కూడా వొకటి వుంది. అదే అమెచ్యూర్ రేడియో. దాన్ని నడిపేవారిని "హామ్"లంటారు. పన్నెండేళ్లు నిండినవారెవరైనా కేంద్ర ప్రభుత్వం పెట్టే పరీక్ష ప్యాసై లైసెన్సు పొందవచ్చు.

వీరిలో కొందరికి యింట్లో కూర్చుని మాట్లాడితే తృప్తి వుండదు. సెట్టూ, బ్యాటరీ, చుట్ట చుట్టిన తీగా సంచిలో వేసుకుని గుట్టలెక్కుతారు. 2002లో బ్రిటనులో మొదలైన "సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్" పద్ధతిలో యెక్కిన శిఖరానికి మార్కులు కూడా వేసుకుంటారు. బండిలో కూర్చుని మాట్లాడితే మాత్రం మార్కులు రావు!

గుట్టే యెందుకంటారా? చేతిలో పట్టే చిన్న సెట్ల తరంగాలు యించుమించు మన చూపులాగే తిన్నగా పోతాయి. భూమి గుండ్రంగా వుంది కనుక కొంతదూరం పోయాక నేల అడ్డు వస్తుంది. పది మీటర్ల మేడ మీదనుంచి ఆ హద్దు సుమారు 13 కిలోమీటర్లు. నూరు మీటర్ల గుట్ట మీదనుంచి 40. అవతలివారు కూడా యెత్తున వుంటే యింకా దూరం అందుతుంది.

మా నిర్మల్‌లో గుట్టలకేం కొదవ? నిరుడు చలికాలంలో మా కాలేజీ ఫిజిక్సు లెక్చరరుగారి వెంట మహబూబ్ ఘాట్‌కు వెళ్లాను. ఆయనకు లైసెన్సు వుంది. వూళ్లో వున్నంతసేపూ ఆ సెట్టు బుస్సుమనడం తప్ప పలకలేదు. టేకుచెట్లు దాటి పైకి చేరి, ఆయన తన పిలుపు పేరు చెప్పారో లేదో, నిజామాబాదునుంచి వొక పెద్దమనిషి గొంతు పలికింది. "గుట్ట మీద చలెట్లుంది సారూ?" అని అడిగింది. సెట్టు శక్తి అయిదు వాట్లు. చిన్న దీపానికి సరిపోయేంత!

"సెల్‌ఫోన్ వుండగా యిదంతా దేనికి సార్?" అన్నాడు వెంట వచ్చిన విద్యార్థి.

ఆ ప్రశ్నకు 2004 డిసెంబరు 26 జవాబు చెప్పింది. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు హామ్‌ల ముచ్చట తీర్చడానికి అండమాన్ వెళ్లారు. సునామీ వచ్చి టెలిఫోన్లు మూగబోయాయి. ముచ్చటకోసం తీసుకెళ్లిన సెట్లే క్షేమసమాచారాలు మోశాయి.

అంతదూరం యెందుకు? 2022 జులైలో మా కడెం ప్రాజెక్టుకు, గేట్లు వదలగలిగినదానికి మించి వరద వచ్చింది. దిగువ వూళ్ల జనాన్ని ఖాళీ చేయించారు. అలాంటి రాత్రి కరెంటు పోయి, టవర్లు నిలిచిపోతే కబురెవరు మోస్తారు?

వొక బ్యాటరీ, వొక తీగ, వొక గుట్ట చాలు. కాని యే గుట్టనుంచి యే వూరు అందుతుందో ముందే తెలిసివుండాలి. అది యెండరోజుల్లో, సరదాగా, నలుగురూ యెక్కి చూస్తేనే తెలుస్తుంది. యిల్లు కాలుతుంటే బావి తవ్వితే యేం లాభం?