పన్ను తీసిన తరువాత

కష్టాన్ని పైకి చెప్పుకోకుండా ఓర్చుకొనే మనిషిని చూసి 'పంటి బిగువున భరిస్తున్నాడు' అంటారు. ఆ పన్నే బాధకు మూలమైనప్పుడు బిగబట్టడానికి ఇక ఆధారమేమీ ఉండదు. దవడపన్ను నొప్పితో ఒక రాత్రి గడిపినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు.

జూనియర్ కళాశాలలో చదివే వయస్సులో ఈ బాధ కొందరికి కొత్త రూపంలో ఎదురవుతుంది. మనిషికి ఉండే శాశ్వతదంతాలు 32. వాటిలో 28 సుమారు పదమూడేళ్ళ వయస్సుకే వచ్చేస్తాయి. దవడల చివర ఉండే తక్కిన నాలుగు సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ళ మధ్య మొలుస్తాయి. కొందరికి అసలు మొలవవు. బుద్ధి వికసించే వయస్సులో వస్తాయి కనుక వీటికి జ్ఞానదంతాలని పేరు. ఉర్దూలోనూ వీటిని 'అకల్ దాడ్' అనే అంటారు. పేరు గొప్పదే గాని, వీటి రాక అన్నివేళలా సుఖంగా సాగదు. దవడలో చోటు చాలకపోతే పన్ను అడ్డంగా ఒరిగిపోతుంది. సగం పైకి వచ్చిన పంటిమీద చిగురు తెరలా కప్పుకొని ఉంటుంది. దాని కింద ఆహారం చేరి చిగురు వాస్తుంది, చీము పడుతుంది, నోరు తెరవడమే కష్టమవుతుంది. ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఆ పన్ను తీసివేయడమే మంచిదని దంతవైద్యులు సలహా ఇస్తారు.

సరిగా ఆ సమయంలోనే ఇంట్లో పెద్దవారు అడ్డు తగులుతారు. 'పైపన్ను తీయిస్తే కన్ను పోతుంది' అన్న భయం తెలుగునాట నేటికీ వినిపిస్తూనే ఉంది. ఇది కేవలం అజ్ఞానంవల్ల పుట్టిన మాట అని తోసిపుచ్చడం తేలిక. కాని దీని వెనుక ప్రాచీనమైన ఒక గ్రంథవాక్యం ఉంది. సుశ్రుతసంహిత నోటికి సంబంధించిన వ్యాధులను 65గా లెక్కించింది. వాటి చికిత్సను చెప్పే సందర్భంలోనే, పైవరుస పన్ను కదులుతున్నా సరే వైద్యుడు దానిని పెరికివేయరాదని హెచ్చరించింది. అలా పెరికితే రక్తం అధికంగా పోయి, ఒంటికన్ను గుడ్డితనమూ ముఖపక్షవాతమూ కలుగుతాయని కారణం కూడా చెప్పింది. శతాబ్దాలు గడిచేసరికి కారణం మరుగునపడి హెచ్చరిక మాత్రం జనం నోట నిలిచింది.

పంటికీ చూపుకూ అటువంటి సంబంధం లేదని నేటి శరీరశాస్త్రం స్పష్టంగా చెబుతుంది. చూపునిచ్చేది రెండో కపాలనాడి అయిన దృక్ నాడి. పళ్ళకు స్పర్శను ఇచ్చేది అయిదో కపాలనాడి అయిన త్రిధార నాడి. పేరుకు తగ్గట్టు ఇది మూడు పాయలుగా చీలి, ఒకటి నుదుటికీ కంటి పరిసరాలకూ, ఒకటి పైదవడకూ, మరొకటి కిందిదవడకూ పోతుంది. అందువల్లనే పంటి పోటు కణతకూ కంటి చుట్టూ పాకినట్టు తోస్తుంది. ఆ అనుభవమే పాతభయానికి బలం చేకూర్చి ఉండవచ్చు. నిజానికి పన్ను తీయించుకోవడం కంటె, చీము పట్టిన పంటిని భయంతో నెలల తరబడి నోట్లోనే ఉంచుకోవడం ఎక్కువ ప్రమాదకరం. ఆ చీము ముఖంలోకీ మెడలోకీ వ్యాపిస్తే ప్రాణం మీదికే వస్తుంది.

అయినా సుశ్రుతుని హెచ్చరికలో గ్రహించవలసిన అంశం ఒకటి ఉంది. ఆయన దృష్టి నిలిచింది పంటిమీద కాదు, రక్తంమీద. పన్ను తీసిన తరువాత తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ నేటికీ ఆ రక్తం చుట్టూనే తిరుగుతాయి.

పన్ను బయటికి రాగానే దాని వేళ్ళు నాటుకొని ఉన్న గుంట రక్తంతో నిండుతుంది. రక్తఫలకికలు ఒకచోట గుమిగూడుతాయి. ఫైబ్రిన్ అనే సన్నని దారాలు వలలా అల్లుకొని రక్తకణాలను అందులో బంధిస్తాయి. కొద్ది నిమిషాలలో అది ముదురు ఎరుపురంగు గడ్డగా మారుతుంది. చూడటానికి వికారంగా ఉన్నా, గాయానికి ప్రకృతి వేసిన కట్టు అదే. లోపలి ఎముకనూ నరాల కొసలనూ అది కప్పి ఉంచుతుంది. కొత్త కణజాలం దానిని ఆధారం చేసుకొనే పెరుగుతుంది. నోటిలో పైనుంచి వేరే కట్టు కట్టే వీలు సాధారణంగా ఉండదు కనుక ఈ గడ్డను కాపాడుకోవడమే అసలైన చికిత్స.

వైద్యులు గాయంమీద మడతపెట్టిన గాజ్ గుడ్డ ఉంచి గట్టిగా కరిచి పట్టుకోమంటారు. అరగంట నుంచి ముప్పావుగంట వరకు దానిని కదపరాదు. చాలామంది అయిదు నిమిషాలకొకసారి తీసి, రక్తం ఆగిందో లేదో అద్దంలో చూసుకొంటారు. అలా తీసినప్పుడల్లా గట్టిపడుతున్న గడ్డ తిరిగి చెదరుతుంది. మొదటిరోజంతా లాలాజలం ఎరుపుగా కనిపించడం సహజం. ఒక్క రక్తపుచుక్క లాలాజలంలో కలిసినా నోరంతా రక్తమే అన్నట్టుంటుంది. రక్తం ధారగా కారుతూంటే మాత్రం తడిపిన కొత్త గుడ్డమడతను మరో అరగంట కరిచి పట్టాలి. అప్పటికీ ఆగకపోతే వైద్యుని వద్దకు వెళ్ళాలి.

నోటిలో ఊరినదానిని మాటిమాటికీ ఉమ్మివేయడం మరొక పొరపాటు. ఉమ్మేటప్పుడు నోటిలో పుట్టే ఒత్తిడి గడ్డను ఊడగొడుతుంది. ఏవగింపు కలిగినా మింగివేయడమే మేలు. ఏదైనా పీల్చినప్పుడూ ఇదే ముప్పు. పరామర్శకు వచ్చిన బంధువులు ఆప్యాయంగా కొబ్బరిబొండంలో గొట్టం వేసి చేతికిస్తారు. కొబ్బరినీళ్ళు మంచివే, గొట్టమే కూడదు. నీటిని గ్లాసులో వంపుకొని నెమ్మదిగా గుటకవేయాలి.

మత్తుసూది ప్రభావం రెండు మూడు గంటలు, కిందిదవడలోనైతే మరికొంతసేపు ఉంటుంది. స్వీడన్‌లో 1943లో తయారైన లిగ్నోకెయిన్ అనే మందును దంతవైద్యులు నేటికీ ఎక్కువగా వాడుతున్నారు. నొప్పి తెలియకుండా చేసే ఈ గుణమే ఇంటికి వచ్చాక చిక్కు తెస్తుంది. మొద్దుబారిన పెదవిని తానే కొరుక్కొన్నా తెలియదు. కాఫీ వేడికి నాలుక కాలినా తెలియదు. చిన్నపిల్లలైతే వింతగా ఉందని పెదవిని నమిలి పుండు చేసుకొంటారు. తిమ్మిరి పూర్తిగా వదిలేవరకు ఏమీ తినకపోవడం, ఆ రోజంతా వేడిపదార్థాలు మానడం అవసరం. నొప్పి మాత్రను తిమ్మిరి వదలకముందే, వైద్యులు చెప్పిన మోతాదులో వేసుకొంటే బాధ అదుపులో ఉంటుంది.

వాపు రెండో రోజుకో మూడో రోజుకో హెచ్చి ఆ తరువాత తగ్గుతుంది. అది హెచ్చుతున్నకొద్దీ కంగారుపడేవారు దాని సహజక్రమం ఇదని తెలుసుకోవాలి. తొలిరోజు గుడ్డలో చుట్టిన మంచుగడ్డను చెంపమీద పావుగంటసేపు ఉంచి, కొంత విరామమిచ్చి మళ్ళీ ఉంచితే వాపు తక్కువగా వస్తుంది. తలకింద రెండు దిండ్లు పెట్టుకొని పడుకోవాలి.

ఇరవైనాలుగు గంటలు గడిచాక ఉప్పునీటి పని మొదలవుతుంది. గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అర టీస్పూను ఉప్పు కలిపితే చాలు. అయితే ఆ నీటిని వాడే తీరు తెలిసి ఉండాలి. ఆయుర్వేదం ఇక్కడ చక్కని భేదం చూపింది. ద్రవాన్ని నోటినిండా తీసుకొని కదల్చకుండా నిలపడం గండూషం. నోటిలో అటూ ఇటూ తిప్పి పుక్కిలించడం కవలం. పంటిగాయం మానేవరకు మొదటిదానికి దగ్గరగా ఉండే పద్ధతే క్షేమం. నీటిని గాయమున్న వైపు కాసేపు నిలిపి, తల వంచి, దానంతట అదే జారిపోనివ్వాలి. భోజనం చేసిన ప్రతిసారీ ఇలా చేయాలి. తక్కిన పళ్ళను మెత్తని బ్రష్షుతో మామూలుగానే తోముకోవాలి, గాయం జోలికి పోరాదు. వేపపుల్ల అలవాటున్నవారు కొన్నాళ్ళు దానిని పక్కన పెట్టాలి. వేపపుల్లను ప్రశంసించిన సుశ్రుతసంహితే నోరు పూసినవారూ నాలుక, పెదవి, దౌడల వ్యాధులున్నవారూ పంటిపుల్ల వాడరాదని చెప్పడం గమనింపదగినది.

ఈ నియమాలను పాటించకపోతే ఏమవుతుందో ఒక విద్యార్థి విషయంలో ఊహించవచ్చు. పరీక్షలకు వారం ముందు కిందివరుస జ్ఞానదంతం తీయించుకొన్నాడు. మర్నాటికి నొప్పి తగ్గింది. హాయిగా ఉందనుకొని బలంగా పుక్కిలించాడు, మిత్రులతో కలిసి సిగరెట్టు కాల్చాడు. మూడోనాటి రాత్రి చెవిలోకీ కణతలోకీ దూసుకుపోయే పోటు మొదలైంది. నోరు దుర్వాసన కొట్టింది. గుంటలో గడ్డ లేదు, తెల్లని ఎముక బయటపడి ఉంది. దంతవైద్యులు దీనినే డ్రై సాకెట్ అంటారు. సాధారణంగా పన్ను తీయించుకొన్నవారిలో నూటికి ఒకరి నుంచి అయిదుగురి వరకు దీని పాలవుతారు. కిందివరుస జ్ఞానదంతాల విషయంలో ఈ సంఖ్య ఇంకా ఎక్కువ. ఎన్ని జాగ్రత్తలు తీసుకొన్నా కొందరికి ఇది వస్తుంది కనుక, వచ్చిన ప్రతివారినీ నిందించడం న్యాయం కాదు. వైద్యులు గుంటను కడిగి మందుతో కూడిన పట్టీ ఉంచితే ఉపశమనం కలుగుతుంది. మందుల దుకాణంలో యాంటీబయాటిక్ కొని మింగినంతమాత్రాన ఇది తగ్గదు.

పొగాకు విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. నికోటిన్ రక్తనాళాలను ముడుచుకొనేలా చేసి గాయానికి రక్తం అందనివ్వదు. పొగ పీల్చే ఒత్తిడికి గడ్డ లేచిపోతుంది. కనీసం మూడు రోజులు, వీలైతే గాయం మానేవరకు బీడీ, చుట్ట, గుట్కా, ఖైనీలకు దూరంగా ఉండాలి. ఉత్తరాంధ్ర తీరగ్రామాలలో కొందరు స్త్రీలకు చుట్ట నిప్పుకొసను నోటిలోపల ఉంచుకొని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. అంగిలి క్యాన్సరుకు దారితీసే అలవాటుగా వైద్యులు దానిని గుర్తించారు. అటువంటివారి నోటిలో గాయం రెండు మూడు వారాలకు మానకపోతే దానిని పంటిగాయమేనని సరిపెట్టుకోరాదు.

నొప్పికి తాళలేక గాయంలో లవంగనూనె పోసేవారు, పసుపు అద్దేవారు, ఆస్పిరిన్ మాత్రను చిగురుమీద నొక్కిపెట్టేవారు ఉన్నారు. ఆస్పిరిన్ తగిలినచోట చిగురు కాలి తెల్లబడుతుంది. అది రక్తం గడ్డకట్టడాన్ని కూడా అడ్డుకొంటుంది. 'కొండనాలుకకు మందువేస్తే ఉన్న నాలుక ఊడినట్టు' అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. అయితే గుండెజబ్బుకు రోజూ ఆస్పిరిన్ వాడేవారు తమంతట తాము దానిని మానరాదు. ఆ విషయమూ, మధుమేహముంటే ఆ విషయమూ పన్ను తీయకముందే వైద్యునికి చెప్పాలి.

ఆహారం గురించి తెలుగింటికి పెద్దగా చిక్కులేదు. చల్లారిన రాగిజావ, మెత్తగా కలిపిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ ఉండనే ఉన్నాయి. దూరముంచవలసినవి ఆవకాయ, కారప్పొడి, జంతికలు, వేరుసెనగలు. జంతిక ముక్క గుంటలో గుచ్చుకొంటుంది. వేరుసెనగ పలుకు అందులో ఇరుక్కొంటుంది.

తక్కిన చికిత్సల తరువాత జాగ్రత్తలు స్వల్పం. పళ్ళమీది గార తీయించుకొన్నాక కొద్దిరోజులు చల్లనివి తగిలితే పళ్ళు జివ్వుమంటాయి. రూట్ కెనాల్ జరిగిన దవడపన్ను పెళుసుబారుతుంది కనుక, పైన తొడుగు వేసేవరకు దానితో గట్టివి కొరకరాదు.

వాపు మూడో రోజు దాటాక కూడా పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, మింగడమో ఊపిరి తీయడమో కష్టమైనా, మర్నాటికీ పెదవి తిమ్మిరి వదలకపోయినా ఆలస్యం చేయక వైద్యుని చూడాలి. ఇటువంటివేవీ లేకపోతే గాయం తన పని తాను చేసుకుపోతుంది. కుట్లు వేసి ఉంటే సుమారు వారానికి విప్పుతారు. మూడు నాలుగు వారాలకు చిగురు గుంటను కప్పివేస్తుంది. పైకి అంతా మామూలుగా కనిపించే ఆ సమయంలో లోపల ఎముక ఇంకా పెరుగుతూనే ఉంటుంది. ఒకనాటి రక్తపుగడ్డ ఉన్నచోట గట్టి ఎముక నిండడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది.