ఒకే ఫైలును రెండు ప్రాజెక్టులలో వాడు విధము

విద్యార్థులారా! హాజరుపట్టికలో కవిత పేరు ముందు రావలెనా, కళావతి పేరు ముందు రావలెనా? వర్ణమాల వల్లించిన మీరు కవిత పేరే ముందనెదరు. య, ర, ల, వ, శ, ష, స, హలు గడచిన పిమ్మట గదా ళకారము వచ్చుట! కాని కంప్యూటరును దాని త్రోవకు విడిచినచో అది కళావతిని ముందు నిలుపును. కంప్యూటరులో ప్రతి యక్షరమునకును ఒక సంఖ్య కలదు. యూనికోడ్ అను ఆ సంఖ్యల పట్టికలో భారతీయ లిపులకు ఇంచుమించు ఒకే అమరిక నిచ్చుటచే ళకారము లకారము ప్రక్కను, ఱకారము రకారము ప్రక్కను చేరినవి. మన యిరుగుపొరుగు భాషలైన తమిళ కన్నడములకును ఈ చిక్కు కలదు. కావున తెలుగు పేరులను వర్ణమాల వరుసలో నిలుపుటకు ప్రత్యేకముగా కొన్ని పంక్తుల ప్రోగ్రాము వ్రాయవలసియుండును.

ప్రోగ్రాము వ్రాయువారు తమ చేతితో వ్రాసిన పాఠమునకు సోర్సుకోడు అని పేరు. అది ఫైళ్లలో నుండును. ఒక పనికి కావలసిన ఫైళ్లన్నియు కూడినది ప్రాజెక్టు. కంపైలరు అను వేఱొక ప్రోగ్రాము ఆ ఫైళ్లను చదివి, యంత్రము నడపదగిన రూపమునకు మార్చును. వ్రాయుట, మార్చుట, తప్పులు వెదకుట యన్నియు ఒక్కచోటనే జరుగుటకు మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియో వంటి సాధనము లున్నవి.

మనకు రెండు ప్రాజెక్టులు కలవనుకొందము. ఒకటి హాజరుపట్టిక, రెండవది గ్రంథాలయపు పుస్తకముల జాబితా. రెంటికిని వర్ణక్రమము కావలెను. ఆ క్రమమును తెలుపు ఫైలును మొదటి ప్రాజెక్టుకై వ్రాసితిమి. రెండవదాని కేమి చేయుదుము? తొందరలో నున్నవాడు ఆ ఫైలును నకలు చేసి రెండవ ఫోల్డరులో పడవేయును. పని జరుగును, ఆనాడు ఏ లోపమును కనబడదు.

కొంతకాలమునకు ఱకారము వరుసలో తప్పు గలదని గ్రంథాలయమువారు కనుగొని తమ నకలును దిద్దుదురు. హాజరుపట్టికలోని ఫైలు పాత తప్పుతోనే యుండును. మఱికొన్నాళ్లకు దానిలో ఇంకొకరు ఇంకొక సవరణ చేయుదురు. ఇక పేరొక్కటియే గాని ఫైళ్లు రెండు. రెంటిలోను కొంత ఒప్పు, కొంత తప్పు. ఏది మూలము, ఏది నకలు? తాళపత్ర ప్రతులను పరిష్కరించు పండితుల కెదురగు పాఠభేదముల చిక్కే యిది. వారైన ఆ నిందను ఎన్నడో గతించిన లేఖకునిపై మోపవచ్చును. మనకు ఆ వీలును లేదు.

దీనికి విజువల్ స్టూడియోలో ఒక ఉపాయము కలదు. సీ షార్ప్ భాషలో వ్రాయుచున్న రెండవ ప్రాజెక్టును తెఱచి, 'ఆడ్ ఎగ్జిస్టింగ్ ఐటమ్' అను ఆజ్ఞ నెన్నుకొని, కావలసిన ఫైలును చూపవలెను. అచట 'ఆడ్' అను మీటను నేరుగా నొక్కినచో నకలు తయారగును. ఆ మీట ప్రక్కనున్న చిన్న బాణపు గుర్తును నొక్కినచో 'ఆడ్ యాజ్ లింక్' అని కనబడును. దాని నెన్నుకొన్నచో ఫైలు కదలదు. అది యెచట నున్నదో తెలుపు త్రోవ మాత్రము ప్రాజెక్టులో వ్రాయబడును. జాబితాలో ఆ ఫైలు బొమ్మపై చిన్న బాణ ముండును. ఇది అతిథి యని దాని యర్థము. ఏ ప్రాజెక్టునుండి తెఱచి దిద్దినను దిద్దబడునది ఆ యొక్క ఫైలే. అయితే ప్రతి ప్రాజెక్టును మఱల కంపైలు చేయువఱకు దిద్దుబాటు దానికి చేరదు.

ఆ త్రోవ సాధారణముగా 'ఇక్కడినుండి ఒక మెట్టు పైకి పోయి, ప్రక్క ఫోల్డరులోనికి దిగుము' అన్న తీరున నుండును. కావున ఒక్క ప్రాజెక్టు ఫోల్డరును మాత్రమే పెన్‌డ్రైవులో వేసికొని యింటికి పోయినచో, ఫైలు దొరకలేదని కంపైలరు మొఱపెట్టును. ఉమ్మడి ఫైళ్లకు వేఱుగా ఒక ఫోల్డరు నేర్పఱచి, దానిని గూడ వెంట తీసికొనిపోవలెను.

ఈ యవసరము క్రొత్తది కాదు. 1949లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పని ప్రారంభించిన ఎడ్‌శాక్ కంప్యూటరునకై, మాటిమాటికి కావలసివచ్చు ప్రోగ్రాము ఖండికలను రంధ్రములు గల కాగితపు టేపులపై సిద్ధముచేసి గ్రంథాలయమువలె భద్రపఱచిరి. విల్క్స్, వీలర్, గిల్ అను మువ్వురు ఆ విధానమును 1951లో గ్రంథరూపమున ప్రకటించిరి. కాని ఆనాటి పద్ధతి టేపును నకలు తీసి తమ ప్రోగ్రాము టేపులో కలుపుకొనుటయే.

ఉమ్మడి వస్తువులో ప్రమాదము లేకపోలేదు. దీనికి మన తెలుగక్షరమే సాక్షి. 2018 ఫిబ్రవరిలో, 'జ్ఞా' అను నక్షరమున దీర్ఘమునకు ముందు కంటికి కనబడని యొక గుర్తును చేర్చి పంపినచో ఆపిల్ కంపెనీవారి ఐఫోనులలో సందేశముల ప్రోగ్రాములు కుప్పగూలినవి. (మామూలుగా వ్రాయు 'జ్ఞానము'లో ఆ గుర్తుండదు, ఎవరును భయపడ నక్కఱలేదు.) ఐఫోనే కాదు, అదే కంపెనీ ఐప్యాడు, మ్యాక్ కంప్యూటరు, చేతిగడియారము అన్నియు ఆ యక్షరమునకు తలవంచినవి. అక్షరముల నమర్చి చూపు కోర్‌టెక్స్ట్ అను భాగము వానికన్నిటికి ఉమ్మడి యగుటయే కారణము. ఆ భాగమును దిద్ది, ఫిబ్రవరి 19న ఆ యుపకరణము లన్నిటికిని సవరణలు విడుదల చేసిరి. నకళ్లు వేర్వేఱుగా నుండినచో అన్నియు ఒకేసారి కూలెడివి కావేమో. ఒకేనాడు లేచెడివియు కావు. కావుననే మేము ఉమ్మడి ఫైలునే మెచ్చుకొందుము.

తెలుగు మాధ్యమమున చదువు పిల్లలకు ఈ విద్య యెందులకని అడుగు తల్లిదండ్రులు కొందఱు కలరు. ళకారము హకారము తరువాత రావలెనని తెలియనివాడు ఎంతటి ప్రోగ్రాముకర్తయైనను పైజెప్పిన ఫైలును దిద్దజాలడని వారికి మనవి చేయుచున్నాము.

ఉమ్మడి ఫైళ్లు పెక్కైనచో వానినన్నిటిని 'క్లాస్ లైబ్రరీ' అను ప్రత్యేక ప్రాజెక్టుగా కూర్చి, ఒక్కసారి కంపైలు చేసి, తక్కిన ప్రాజెక్టులకు అందీయవచ్చును. రెండు మూడు ఫైళ్లకు ఆ శ్రమ యక్కఱలేదు. ఏ పద్ధతి నవలంబించినను, ఉమ్మడి ఫైలును తాకిన ప్రతిసారియు రెండు ప్రాజెక్టులను మఱల కంపైలు చేసి, నాలుగు మాట లిచ్చి చూడుడు. కలము, కవిత, కళావతి, కఱవు అను వరుస రెండుచోట్లను వచ్చినచో ళకార ఱకారములు తమతమ స్థానములలో నున్నట్లు.