కదలని సైకిలు... గెలిపించింది!

ఎంతసేపు తొక్కినా అంగుళం ముందుకు కదలదు. అయినా పది నిమిషాల్లో చొక్కా తడిసి ముద్దయిపోతుంది. గాలి తగలదు, దారి మారదు, ఎదురుగా ఎప్పుడూ అదే గోడ. ఈ 'కదలని సైకిలు' మీద చెమటోడ్చిన ఓ మనిషి ప్రపంచంలోకెల్లా కఠినమైన సైకిల్ పందేల్లో ఒకదాన్ని గెలిచాడు. అదీ చెయ్యి విరిగిన ఆరు వారాలకే!

అతని పేరు మాథ్యూ హేమన్. ఆస్ట్రేలియా వాసి. సైక్లింగ్ జట్టులో అందరూ గెలవడానికే తొక్కరు. నాయకుడికి ఎదురుగాలి తగలకుండా ముందు నడిచేవాళ్లూ, వెనక కారు దగ్గరికెళ్లి నీళ్ల సీసాలు తెచ్చిచ్చేవాళ్లూ ఉంటారు. హేమన్ కెరీర్ చాలావరకూ అలాగే గడిచింది. అతనికి ప్రాణం మాత్రం పారిస్-రూబే పందెం. ఉత్తర ఫ్రాన్స్‌లో పాతకాలపు రాతి రోడ్ల మీద దాదాపు 257 కిలోమీటర్లు సాగుతుంది. 'ఉత్తరాది నరకం' అని దానికి ముద్దుపేరు. అందులో రాళ్ల దారే 50 కిలోమీటర్ల పైచిలుకు. సైకిలుతోపాటు ఒళ్లంతా గజగజా ఊగిపోతుంది.

2016 ఫిబ్రవరి 27న బెల్జియంలో జరిగిన ఓ పందెంలో హేమన్ కిందపడ్డాడు. ముంజేతి ఎముక విరిగింది. పారిస్-రూబే ఏప్రిల్ 10న. ఇంకెవరైనా అయితే 'వచ్చే ఏడాది చూద్దాంలే' అనుకునేవారు. హేమన్ వయసు అప్పటికి 38కి దగ్గరపడింది. వచ్చే ఏడాది మీద భరోసా పెట్టుకునే వయసు కాదది. అందుకే గ్యారేజీలో సైకిలును ట్రైనర్‌కి బిగించాడు. విరిగిన చేతి మీద బరువు పడకుండా తొక్కడం మొదలుపెట్టాడు. జ్విఫ్ట్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో కంప్యూటర్ తెర మీద కొండలెక్కాడు, దిగాడు.

పందెం రోజున ఆరంభంలోనే ముందుకు దూసుకెళ్లిన బృందంలో చేరాడు. చివరికి రూబే వెలోడ్రోమ్‌లోకి ఐదుగురు చేరుకున్నారు. వాళ్లలో బెల్జియం వీరుడు టామ్ బూనెన్ ఒకడు. ఐదోసారి గెలిచి చరిత్ర సృష్టించాలని వచ్చాడు. హేమన్‌కి అది పదిహేనో ప్రయత్నం. ఆఖరి స్ప్రింట్‌లో గెలిచింది హేమనే. గీత దాటాక అతని ముఖంలో ఆనందం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది.

వాట్లు అబద్ధం చెప్పవు

గ్యారేజీలో తొక్కితే అంత సత్తువ ఎలా వచ్చింది? దానికి సగం జవాబు మన కరెంటు బిల్లులో కనిపించే మాటే... వాట్!

మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. మీరు తీరిగ్గా కబుర్లు చెబుతూ పెడల్ తొక్కితే పుట్టే శక్తి దాదాపు అంతే. గట్టిగా తొక్కితే రెండు ఫ్యాన్లు. మరి రొట్టె కాల్చే టోస్టర్? జర్మనీ ట్రాక్ సైక్లిస్టు రాబర్ట్ ఫోర్‌స్టెమాన్ తన కొండంత తొడలతో 700 వాట్ల టోస్టర్‌ని నడిపి చూపించాడు. ఒక్క రొట్టె ముక్క కాలేసరికి మనిషి నేలమీద పడిపోయాడు! ఆ వీడియో చూశాక వంటింట్లో మిక్సీ వేయాలంటే కాస్త గౌరవం కలుగుతుంది.

ఈ శక్తిని సైకిలు మీదే కొలిచే పరికరాన్ని జర్మన్ ఇంజినీరు ఉల్‌రిచ్ షోబెరెర్ 1986లో తయారుచేశాడు. పెడల్‌ని తొక్కినప్పుడు లోపలి లోహం కంటికి కనిపించనంతగా వంగుతుంది. ఆ వంపుని సెన్సర్లు పసిగడతాయి. దాన్ని తొక్కే వేగంతో గుణిస్తే వాట్లు వస్తాయి. అంతకుముందు సైక్లిస్టులకు స్పీడోమీటరూ గుండె వేగమూ ఆధారం. వెనక నుంచి గాలి వీస్తే స్పీడు పెరుగుతుంది, అది మీ గొప్ప కాదు. గుండె వేగమేమో ఆలస్యంగా స్పందిస్తుంది. పైగా ఎండకీ, నిద్రలేమికీ, పొద్దున తాగిన కాఫీకీ కూడా మారిపోతుంది. వాట్ల లెక్కలో ఆ మాయలేవీ ఉండవు.

అందుకే ఇంట్లో సాధన చేసేవాళ్లు ముందు తమ లెక్క తేల్చుకుంటారు. ఒంటిని బాగా వేడెక్కించి, 20 నిమిషాలు ఓపికున్నంత గట్టిగా తొక్కాలి. ఆ సగటులో 95 శాతమే మీ 'ఎఫ్‌టీపీ'. అంటే దాదాపు గంటసేపు నిలబెట్టుకోగల శక్తి అని అంచనా. 20 నిమిషాల్లో సగటు 200 వాట్లు వస్తే మీ అంకె 190. ఆ తర్వాత ప్రతి కసరత్తునీ ఆ అంకెలో ఇంత శాతమని నిర్ణయిస్తారు. పక్కవాడి 300 చూసి మీరు కుంగిపోనక్కర్లేదు. వాడి బరువు ఎంతో, ఎన్నేళ్లుగా తొక్కుతున్నాడో మీకేం తెలుసు?

మోకాలికా... గుండెకా?

నిమిషానికి పెడల్ ఎన్నిసార్లు తిరుగుతుందో అదే 'కేడెన్స్'. ఒకే 200 వాట్లని నిమిషానికి 60 చుట్లతోనూ పుట్టించవచ్చు, 90 చుట్లతోనూ పుట్టించవచ్చు. 50 కిలోల బియ్యాన్ని ఒకేసారి నెత్తికెత్తుకోవడానికీ, గంపల్లో పోసి మూడుసార్లు తిరగడానికీ ఉన్నంత తేడా ఇది. 90 చుట్లయితే ఒక్కో తొక్కుకీ పెట్టాల్సిన బలం మూడింట రెండొంతులే. కండరాలకీ మోకాళ్లకీ భారం తగ్గుతుంది. ఆ భారం గుండె, ఊపిరితిత్తుల మీదికి మారుతుంది. పోటీ సైక్లిస్టులు ఎక్కువగా 90 చుట్ల దగ్గర తొక్కుతారు. కొత్తవాళ్లకి 75-80 దగ్గర హాయిగా ఉంటే అలాగే మొదలుపెట్టొచ్చు.

నాలుగు నిమిషాల నరకం

ఇక అసలు కిటుకు... ఇంటర్వెల్స్. గట్టిగా కాసేపు, మెల్లగా కాసేపు. జపాన్ శాస్త్రవేత్త ఇజుమి తబాటా 1996లో ప్రచురించిన పరిశోధన ఇందులో బాగా ప్రసిద్ధం. స్పీడ్ స్కేటింగ్ కోచ్ ఇరిసావా కోయిచీ తన జట్టుతో చేయించే పద్ధతినే ఆయన పరీక్షించాడు. అదీ స్థిరంగా ఉండే సైకిలు మీదే! ఒక జట్టు రోజుకి గంటసేపు మధ్యస్థంగా తొక్కింది. రెండో జట్టు 20 సెకన్లు ప్రాణం పెట్టి తొక్కి 10 సెకన్లు ఆగింది... అలా ఏడెనిమిది సార్లు. మొత్తం కలిపి నాలుగు నిమిషాలు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు గడిచాయి. ఆక్సిజన్‌ని వాడుకునే సామర్థ్యం రెండు జట్లకీ పెరిగింది. ఆక్సిజన్ చాలనప్పుడు కూడా శక్తి పుట్టించే సామర్థ్యం మాత్రం రెండో జట్టుకే పెరిగింది. అదీ 28 శాతం.

అలాగని రేపట్నుంచి నాలుగు నిమిషాలు చాలనుకునేరు! ఆ కుర్రాళ్లు అప్పటికే వ్యాయామం అలవాటున్నవాళ్లు. చివరి విడతకి వాళ్ల కాళ్లు కదలనంత గట్టిగా తొక్కారు. జిమ్‌లలో 'తబాటా' పేరుతో చేయించేది చాలాసార్లు పేరుకే తబాటా. మామూలు మనుషులకి నార్వే పరిశోధకులు వాడిన పద్ధతి నయం. పది నిమిషాలు వేడెక్కాక నాలుగు నిమిషాలు మాట రానంత గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా... ఇలా నాలుగుసార్లు. వారానికి రెండు రోజులు చాలు. నలభై దాటినవాళ్లూ, బీపీ, షుగర్, గుండె జబ్బులున్నవాళ్లూ డాక్టర్ని అడగకుండా దీని జోలికి వెళ్లొద్దు.

ఇంకోమాట. మనం ఖర్చుచేసే శక్తిలో పెడల్‌కి చేరేది నాలుగోవంతు కూడా ఉండదు. మిగతాదంతా వేడే. రోడ్డు మీదైతే గాలి ఆ వేడిని లాక్కుపోతుంది. గదిలో ఆ వీలు లేదు. మే నెల విజయవాడలో కిటికీలు మూసి ఇంటర్వెల్స్ చేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకని ట్రైనర్ కంటే ముందు మంచి టేబుల్ ఫ్యాన్ కొనుక్కోవాలి! దగ్గర్లో మంచి దారి ఉంటే గది అవసరమే లేదు. హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో సౌరఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. మరి అమీర్‌పేటలో ఉండేవాళ్లు అక్కడిదాకా వెళ్లాలంటే కారెక్కాలి.

తెర మీద ప్రపంచకప్పు

గదిలో తొక్కేవాళ్లకి ఇప్పుడు పోటీలూ ఉన్నాయి, వాటిలో దొంగాటలూ ఉన్నాయి. బరువు తగ్గించి నమోదు చేసుకుంటే తెరమీది బొమ్మ కొండని చకచకా ఎక్కేస్తుంది. 2019లో బ్రిటన్ తొలి ఈ-రేసింగ్ ఛాంపియన్ పతకాన్నే వెనక్కి తీసుకున్నారు. పందెంలో వాడిన ప్రత్యేక వర్చువల్ సైకిలును అతను తొక్కి సంపాదించలేదు, కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో తొక్కించి సంపాదించాడు! ఇప్పుడు పెద్ద పోటీలకి ముందు బరువు తూచి చూపించాలి.

2020 డిసెంబరులో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య తొలి ఈ-స్పోర్ట్స్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ నిర్వహించింది. మగవాళ్లలో గెలిచిన జేసన్ ఓస్బోర్న్ అసలు సైక్లిస్టే కాదు. జర్మనీకి చెందిన పడవ పోటీల ఆటగాడు! 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో పడవ నడిపి రజతం తెచ్చుకున్నాడు. 2022లో ఆల్పెసిన్ జట్టు అతణ్ని రోడ్డు సైక్లిస్టుగా చేర్చుకుంది. ఎదురుగాలీ, మలుపులూ, పక్కవాడి మోచేయీ... అక్కడ అన్నీ నిజమైనవే.