కదలనివ్వని పీఠం

అయస్కాంతం దిశ మార్చాలంటే తీగ చుట్టి కరెంటు పారించాల్సిందేనా, ఉత్త వోల్టేజీతో కుదరదా అని ఒక పాఠకుడు అడిగారు. కుదురుతుంది. ఎలా అన్నదానికన్నా పలుచని పొరల్లో అది ఎందుకు మొండికేసిందన్నదే నాకు రుచించే కథ.

విద్యుత్, అయస్కాంత గుణాలు రెండూ ఒకే స్ఫటికంలో ముడిపడి ఉండొచ్చని 1894లోనే పియరీ క్యూరీ ఊహించాడు. 1960లో అస్త్రోవ్ అనే శాస్త్రవేత్త క్రోమియం ఆక్సైడ్‌లో ఆ ముడిని కొలిచాడు. ఉంది గానీ బహు స్వల్పం. బేరియం టైటనేట్ లాంటి ఫెర్రోఎలక్ట్రిక్‌లో (తనంతట తానే విద్యుత్ ధ్రువణం నిలుపుకుని, వోల్టేజీతో దాన్ని తిప్పనిచ్చే పదార్థంలో) టైటానియం డి-కక్ష్య ఖాళీగా ఉండాలి, అయస్కాంతానికేమో ఆ కక్ష్యలో ఎలక్ట్రాన్లు కావాలి. ఈ పేచీని 2000లో నికోలా హిల్ విడమరిచి చెప్పారు.

అడ్డదారి 1972లోనే ఉంది. ఫిలిప్స్ పరిశోధకుడు వాన్ సుక్తెలెన్ రెండు పదార్థాలనూ జతచేయమన్నాడు. వోల్టేజీ పెడితే ఫెర్రోఎలక్ట్రిక్ ఆకారం మారుతుంది. దాన్ని అంటిపెట్టుకున్న అయస్కాంత పదార్థం కోబాల్ట్ ఫెర్రైట్ ఆ లాగుడుకు లోనై తన అయస్కాంత దిశ మార్చుకుంటుంది. విడివిడిగా ఏ ఒక్కదానికీ లేని గుణం జంటకు వస్తుంది. ఈ రంగంపై 1994లో సమగ్ర సమీక్ష రాసిన ఎస్.వి. సూర్యనారాయణ మన ఉస్మానియా విశ్వవిద్యాలయం వారే.

మరి నానోమీటర్ల మందంలో ఒకదానిమీద ఒకటి పొరలు పేరిస్తే? ప్రభావం ఇంచుమించు మాయం! దోషం పొరలది కాదు, అడుగునున్న పీఠానిది. పొర 100 నానోమీటర్లయితే పీఠం అర మిల్లీమీటరు, అంటే 5,000 రెట్లు మందం. పెనానికి అంటుకుపోయిన అట్టులా పొర అడ్డంగా అంగుళమైనా జరగలేదు. పైకి మాత్రం కాస్త ఉబ్బుతుంది. పైనున్న అయస్కాంత పొరకు కావలసిందేమో అడ్డంగా లాగుడు. అదే అందదు.

2004లో రమేష్ అనే శాస్త్రవేత్త బృందం పొరలను నిలువునా నిలబెట్టింది. బేరియం టైటనేట్‌లో కొన్ని పదుల నానోమీటర్ల లావు కోబాల్ట్ ఫెర్రైట్ స్తంభాలు పెంచారు. ఇప్పుడు అతుకు పీఠానికి లంబంగా ఉంది, పైకి ఉబ్బే కదలికే స్తంభాన్ని లాగుతుంది. బేరియం టైటనేట్ ఫెర్రోఎలక్ట్రిక్ గుణం కోల్పోయి ఆకారం మారే ఉష్ణోగ్రత దగ్గర అయస్కాంతత్వం ఠక్కున మారింది. అవే పదార్థాలను అడ్డుపొరలుగా పేర్చినప్పుడు ఆ మార్పు లేదు. ఇంతకన్నా ముచ్చటైన రుజువు నేను చూడలేదు.

రెండో ఉపాయం ఫెర్రోఎలక్ట్రిక్ స్ఫటికాన్నే పీఠం చేయడం. అడ్డుపడేదే లాగేదవుతుంది. 2007లో బేరియం టైటనేట్ స్ఫటికంపై మాంగనైట్ అనే అయస్కాంత పదార్థపు పొర పెంచి అయస్కాంతత్వంలో పెద్ద మార్పు చూపారు. అయితే అంత మందానికి వందల వోల్టులు కావాలి.

కరెంటు ఖర్చు తక్కువ మెమరీ చిప్పులు ఎప్పుడొస్తాయంటారా? స్తంభాల్లో ఫెర్రైట్ గుండా కరెంటు కారిపోతుంది, స్ఫటికాలకు వోల్టేజీ ఎక్కువ కావాలి. దుకాణం తెరవడానికి తొందరపడేవాళ్లు ముందు ఈ రెండు లెక్కలూ తేల్చాలి.