గొంగళిలో మంచుగడ్డ

ఉన్నిగొంగళి వెచ్చనిదా కాదా యని మూడవ తరగతి పిల్లల నడిగినచో, వెచ్చనిదే యని తరగతి యంతయు నొక్క గొంతుకతో పలుకును. పెద్దల నడిగినను వచ్చు సమాధాన మదియే. గొంగళి తనంతట వేడిని పుట్టించుననియు, చలి యనునది తలుపుసందుల గుండ లోనికి చొరబడు నొక వస్తువనియు తలచుట బుద్ధిమాంద్యము కాదు. పదునెనిమిదవ శతాబ్దమున మహాపండితులే ఉష్ణమును కంటికి కానరాని యొక ద్రవముగా భావించి, దానికి ‘కెలోరిక్’ అని నామకరణము చేసిరి. మ్యూనిక్ నగరమున ఫిరంగులను తొలుచునపుడు, రాపిడి సాగినంతసేపు వేడి తరుగక పుట్టుచునే యుండుటను గమనించి రమ్‌ఫర్డ్ ప్రభువు 1798లో ఆ వాదమును ప్రశ్నించెను. అయినను ఆ ద్రవము పండితుల తలలలో మరి యర్ధశతాబ్దము నిలిచియే యుండెను. ఎనిమిదేండ్ల బాలునకు మనము కొంత గడువీయరాదా?

కావున ఉష్ణవహనము, సంవహనము, వికిరణము అను మూడు పేరులను మొదటి దినముననే నల్లబల్లపై వ్రాసి వల్లె వేయించుట వలన ప్రయోజనము మృగ్యము. పేరు తెలిసినంతనే విషయము తెలిసినదను భ్రమ బాలునికంటె ముందు ఉపాధ్యాయునకే కలుగును. దానికి మారుగా సమానమైన రెండు మంచుగడ్డలను తెచ్చి, ఒకదానిని పళ్లెములో నట్లే విడిచి, రెండవదానిని గొంగళిముక్కలో చక్కగ చుట్టి, ఏది ముందు కరగునో చెప్పుడని యడుగవలెను. గొంగళిలోనిదే యని పెక్కుచేతులు లేచును. ఆ చేతులు లేచుట అత్యావశ్యకము. ముందుగా నొక యూహకు కట్టుబడని బాలునకు ఫలితము చూచినను ఆశ్చర్యము కలుగదు. కొంతసేపటికి గొంగళి విప్పగా, పళ్లెములోని గడ్డ నీరగుచుండ, లోపలి గడ్డ యింకను గట్టిగా కనబడును. అప్పుడు ఉపాధ్యాయుడు తొందరపడి కారణము చెప్పక, పిల్లలను కాసేపు వాదులాడుకొననీయవలెను. ఉన్నిపోగుల నడుమ చిక్కిన నిశ్చలమైన గాలి వేడిని సులభముగా సాగనీయదు. అందుచేత శీతకాలమున మన యొంటి వేడి బయటికి పోకుండ అడ్డుకొన్న గొంగళియే, ఇప్పుడు గదిలోని వేడి మంచును చేరకుండ అడ్డుకొన్నది. వేడి యెల్లపుడు అధికోష్ణమైన చోటినుండి అల్పోష్ణమైన చోటికి పోవునే గాని, చలి యనునది ప్రయాణము చేయదను మాట వారి వాదములోనుండియే మెల్లగ బయటపడును.

ఈ సూత్రము మీదనే ఒకప్పుడు గొప్ప వ్యాపారము నడచినది. ఫ్రెడరిక్ ట్యూడర్ అను అమెరికా వర్తకుడు, శీతకాలమున గడ్డకట్టిన చెరువులనుండి కోయించిన మంచును, వేడి సోకనీయని పొట్టు మొదలగువానిలో పొదిగి దూరదేశములకు పంపుచుండెను. 1833లో బోస్టను రేవునుండి బయలుదేరిన యోడ, నాలుగు మాసములు ఉష్ణమండల సముద్రములను దాటి కలకత్తా చేరునప్పటికి, ఎక్కించిన 180 టన్నులలో సుమారు 100 టన్నులు కరగక మిగిలియుండెను! మద్రాసు సముద్రతీరమున 1842లో కట్టిన ఐస్‌హౌస్ ఆ వ్యాపారమునకు చెందినదే. 1897లో వివేకానందస్వామి బసచేసిన ఆ భవనము నేడాయన పేరుతో నున్నది. చరిత్రపాఠములో చెప్పవలసినది విజ్ఞానపాఠములో చెప్పినచో తప్పేమియు లేదు.

పాత్రలోని వేడినీరు కిందినుండి పైకి తిరుగుటయు, వెలుగుచున్న దీపముపై పట్టిన కాగితపు చుట్ట గిరగిర తిరుగుటయు, మచిలీపట్టణపు తీరమున మధ్యాహ్నము సముద్రపు గాలి వీచుటయు సంవహనమను నొక్క కుటుంబమునకు చెందినవని చూపిన చాలును. మసి పూసిన గ్లాసునందును, తళతళలాడు గ్లాసునందును సమముగా నీరు పోసి యెండలో నుంచి, ఏది ముందు వేడెక్కునో చూపినచో సూర్యుని వేడి మాటయు తేలిపోవును. మంటతోను, మరుగు నీటితోను పనియున్నపుడు ఉపాధ్యాయుడే చేయవలెను. పిల్లలు దూరముగా నిలిచి చూతురు గాక.

స్పర్శ చేయు మోసమునకు మాత్రము మరికొంత కాలము వెచ్చింపదగును. పుష్యమాసపు ఉదయమున బల్లమీది చెక్కను, బల్లకున్న ఇనుపకాలిని తాకిన బాలుడు ఇనుమే చల్లనని నిస్సంశయముగా చెప్పును. ఉష్ణమాపకము నుంచి చూచిన రెండును సమానముగనే యుండును. చేతిలోని వేడిని ఇనుము వేగముగా లాగికొనును, చెక్క లాగజాలదు. వేలికి తెలియునది వస్తువుయొక్క వేడిమి కాదు, చేతినుండి వేడి పోవు వేగము. దీనిని విన్న పిల్లలు తలయూపుదురే గాని నమ్మరు. ఒంటిపూట బడులు పెట్టిన యేప్రిలు మాసమున, నీడపట్టుననే గాలి 42 డిగ్రీలు దాటిన యొకనాడు, ఆ బల్లనే, ఆ ఇనుపకాలినే మరల తాకింపవలెను. ఇప్పుడు చర్మముకంటె బల్లయే వేడిగా నున్నది గనుక ఉష్ణము వచ్చు త్రోవ మారినది. వేగముగా వేడినిచ్చు ఇనుము చురుక్కుమనును, చెక్క యంతగా తోపదు. నాడు చల్లనిదన్న ఇనుము నేడు వేడిదేల యైనదని ప్రశ్నించినపుడు, వెనుకబల్లమీది పిల్లవాడెవడో ఇనుము మారలేదు, చేయియే మారినదని యనవచ్చును. చేయియు మారలేదు, చుట్టునున్న గాలి మారినదని పక్కవాడు సరిదిద్దవచ్చును. ఆ తగవు తెగువరకు గంట కొట్టకుండనుండు ప్రధానోపాధ్యాయుడు దొరకుట మాత్రమే కష్టము.